గుర్తు పైకి రాగానే ఆపితే మర మిగిలిపోతుంది

ప్రశ్న: మా మేనమామ నెల్లూరులో స్టూడియో నడిపేవారు. ఈమధ్య ఇల్లు సర్దుతూ ఒక తోలు సంచి నా చేతిలో పెట్టారు. అందులో పెంటాక్స్ కె1000 బాడీ, దాని 50 మి.మీ. ఎఫ్/2 లెన్సు, పెంటాక్స్‌దే 135 మి.మీ. ఎఫ్/3.5, ఒక జెనిత్ కెమెరా, దాని హీలియోస్ 44-2 లెన్సు ఉన్నాయి. నాది సోనీ ఏ6400. పాత లెన్సును ఈ కెమెరాకు తగిలించే ఎం42 అడాప్టర్ తెప్పించి, హీలియోస్ మీది గుర్తు పైకి వచ్చేలా జాగ్రత్తగా బిగించాను. మెరీనాలో నిలబడి తీస్తే పది మీటర్ల దాకా బాగానే వస్తోంది. ఆ పైన రింగు చివరిదాకా తిప్పినా లైట్‌హౌస్ మసకే. నికాన్ డీఎస్ఎల్ఆర్ ఉన్న స్నేహితుడు "పాత లెన్సులంటే అంతేరా, దూరం రాదు" అంటున్నాడు. పెంటాక్స్ లెన్సులు ఈ అడాప్టర్‌కి ఎక్కడమే లేదు. పైగా 135లో తెల్ల దారాల్లాంటివి కనిపిస్తున్నాయి. వీటి మీద డబ్బు పెట్టడం దండగేనా? (పెరంబూరు, చెన్నై)

సమాధానం: హీలియోస్‌కు జబ్బేమీ ఉన్నట్టు లేదు. మీ ఉత్తరంలో "గుర్తు పైకి వచ్చేలా" అన్న మాట దగ్గరే దొంగ దొరికాడు.

ఎం42 అంటే స్క్రూ మౌంట్, లెన్సును కెమెరాకు మర తిప్పి బిగించే ఏర్పాటు. 42 మి.మీ. వ్యాసం, ఒక చుట్టు తిప్పితే 1 మి.మీ. లోపలికి వెళ్లే మర. గుర్తు పైకి రాగానే మీరు చెయ్యి ఆపేశారు. ఇంకా మూడో వంతు చుట్టు మిగిలిందనుకోండి, లెన్సు ఉండాల్సిన చోటు కన్నా 0.33 మి.మీ. ముందుకు నిలబడిపోయింది. గోటి మందం కూడా లేని ఈ తేడాకే లైట్‌హౌస్ పోతుందా అంటే, పోతుంది. లెక్క చిన్నదే. ఫోకల్ లెంగ్త్‌ను, అంటే లెన్సు మీద రాసి ఉండే మి.మీ. అంకెను (హీలియోస్‌ది 58), దానితోనే గుణించి, లెన్సు అదనంగా ముందుకు జరిగిన దూరంతో భాగిస్తే, రింగు చివరికి తిప్పినప్పుడు ఫోకస్ ఎంత దూరంలో ఆగిపోతుందో సుమారుగా తెలుస్తుంది. 58ని 58తో గుణిస్తే 3,364. దాన్ని 0.33తో భాగిస్తే పదివేల చిల్లర మిల్లీమీటర్లు, అంటే పది మీటర్లు. మీరు రాసిన దూరం సరిగ్గా అదే.

కాబట్టి ముందు చేయాల్సింది పైసా ఖర్చు లేని పని. లెన్సును అడాప్టర్ నుంచి విప్పి, రెండూ ఆనుకునే లోహపు అంచుల్ని పొడి గుడ్డతో తుడవండి. ఇసుక రేణువో, లేత్ మీద కోసినప్పుడు మిగిలిన ఇత్తడి పొట్టో ఉంటే తీసేయండి. మళ్లీ ఎక్కించేటప్పుడు లెన్సును మొదట వెనక్కి, అంటే విప్పే వైపుకు, మెల్లగా తిప్పండి. ఒకచోట చిన్నగా "టక్" అని దిగినట్టు చేతికి తెలుస్తుంది. అక్కడి నుంచి బిగించే వైపు తిప్పితే మర అడ్డంగా పడదు. ముందున్న రింగుల్ని పట్టుకుని తిప్పకండి, అవి వాటి పాటికి తిరిగిపోయి బిగిసిందన్న భ్రమ కలిగిస్తాయి. మౌంట్ పక్కన కదలని భాగాన్ని పట్టుకుని, లోహం లోహానికి ఆని ఇక తిరగని దాకా బిగించండి. బలం అక్కర్లేదు, ఆగిందని తెలిస్తే చాలు.

ఇప్పుడు గుర్తు ఏ పక్కకో వెళ్లి ఉంటుంది. మీ అడాప్టర్ చుట్టూ చూడండి. చాలా అడాప్టర్లకు పక్కన మూడు చిన్న స్క్రూలు, తల కూడా లేనంత చిన్నవి, సమాన దూరాల్లో ఉంటాయి. అవి లోపలి మర రింగును పట్టి ఉంచేవి. గడియారాల రిపేరుకు వాడే స్క్రూడ్రైవరో, సన్నటి అలెన్ కీయో సరిపోతుంది. ఒక్కోదాన్ని అర చుట్టు వదులు చేయండి, పూర్తిగా తీయకండి. కింద పడితే దొరకవు. లెన్సుతో పాటు లోపలి రింగు కదులుతుంది. గుర్తును పైకి తెచ్చి, మూడింటినీ వంతులవారీగా కొద్దికొద్దిగా బిగించండి. ఒకదాన్నే ముందు పూర్తిగా బిగిస్తే రింగు ఒరిగి, ఫొటోలో ఒక పక్క స్పష్టంగా, మరో పక్క మసకగా వస్తుంది. మీ అడాప్టర్‌కు ఆ స్క్రూలు లేకపోతే గుర్తును పక్కకే ఉండనివ్వండి. అంకెలు చదవడానికి తల కాస్త వంచాలి, అంతకు మించి నష్టమేమీ లేదు.

మీ స్నేహితుడు చెప్పింది ఆయన కెమెరాకు నిజం, మీ కెమెరాకు కాదు. ప్రతి మౌంట్‌కూ, లెన్సు కూర్చునే అంచు నుంచి ఫిల్ము లేదా సెన్సర్ దాకా ఒక నిర్ణీత దూరం ఉంటుంది. ఎం42కి 45.46 మి.మీ., నికాన్ ఎఫ్‌కి 46.5. అంటే అడాప్టర్ మందం సున్నా అనుకున్నా, నికాన్ బాడీ మీద లెన్సు 1.04 మి.మీ. ముందుకే ఉంటుంది. పై లెక్క వేస్తే హీలియోస్ మూడు మీటర్ల చిల్లర దగ్గర ఆగిపోతుంది. దాన్ని సరిచేయడానికి లోపల గాజు బిళ్ల పెట్టిన అడాప్టర్లు అమ్ముతారు. ఆ గాజు మంచి లెన్సును కూడా చెడగొడుతుంది, వద్దు. మీ సోనీ కెమెరాది "ఈ" (E) మౌంట్, దానికి ఆ దూరం 18 మి.మీ. మాత్రమే. డీఎస్ఎల్ఆర్‌లో ఉండే అద్దం ఇందులో లేదు కాబట్టి అంత ఖాళీ దొరికింది. 45.46లోంచి 18 తీస్తే 27.46 మి.మీ. మీ అడాప్టర్ అంతే పొడవున్న బోలు గొట్టం. లోపల గాజూ లేదు, వైరూ లేదు.

మర పూర్తిగా బిగించాక కూడా దూరం రాకపోతే అప్పుడు అడాప్టర్‌ను అనుమానించాలి. వెర్నియర్ కాలిపర్‌తో వెనక అంచు నుంచి ముందు అంచు దాకా కొలవండి. వెనక పొడుచుకొచ్చిన బయోనెట్ చెవుల మీద, అంటే కెమెరాలోకి దూరి లాక్ అయ్యే రెక్కల మీద, కాలిపర్ ఆనకూడదు, వాటి బయట ఉన్న చదునైన అంచు మీద ఆనాలి. నాలుగు వైపులా కొలిచి చూడండి. 27.46 కన్నా కాస్త తక్కువ ఉంటే మంచిదే. తయారీదారులు కావాలనే కొంచెం పొట్టిగా కోస్తారు, దూరం తప్పకుండా అందాలని. ఎక్కువ వస్తేనే చిక్కు. 0.1 మి.మీ. ఎక్కువైనా 50 మి.మీ. లెన్సు 25 మీటర్ల దగ్గర ఆగిపోతుంది. 28 మి.మీ. లెన్సయితే ఎనిమిది మీటర్లు కూడా దాటదు. 135కి మాత్రం 180 మీటర్ల పైదాకా వస్తుంది. అందుకే అడాప్టర్ బాగుందో లేదో వైడ్ లెన్సు చెప్పినంత నిక్కచ్చిగా టెలి చెప్పదు. ఇక నాలుగు వైపుల కొలతలు ఒకదానికొకటి తేడాగా ఉంటే, ఎంత చవకగా వచ్చినా ఆ ముక్కను తిరిగి పంపేయండి.

పొట్టి అడాప్టర్‌తో ఒక పర్యవసానం ఉంది. లెన్సు మీది అనంతం (∞) గుర్తును ఇక నమ్మకూడదు. చివరిదాకా తిప్పితే అనంతం దాటి అవతలికి పోయి చంద్రుడు కూడా మసకబారుతాడు. చివరి నుంచి కాస్త వెనక్కి తెచ్చుకోవాలి.

పరీక్ష ఎప్పుడు చేస్తారన్నదీ ముఖ్యమే. మధ్యాహ్నం మెరీనా ఇసుక మీదుగా లైట్‌హౌస్ వైపు చూస్తే వేడి గాలి అలలుగా లేచి, ఎంత మంచి లెన్సుకైనా దూరం వణుకుతుంది. చీకటి పడ్డాక వెళ్లండి. రేవు బయట లంగరేసిన ఓడల దీపాలు చాలు. ఎఫ్/2 దగ్గర, అంటే లెన్సు పూర్తిగా తెరిచి, కెమెరా తెర మీద పెద్దది చేసి, రింగు మెల్లగా తిప్పండి. దీపం చుక్క బాగా చిన్నదై, మళ్లీ పెద్దదవడం మొదలైతే అడాప్టర్ సరే. చిన్నదవుతూ ఉండగానే రింగు ఆగిపోతే ఇంకా పొడవుగా ఉందన్నమాట.

ఇక పెంటాక్స్ లెన్సులు. కె1000 బాడీది కె మౌంట్, తిప్పి లాక్ చేసే బయోనెట్. ఎం42 మరలోకి అది ఎలా దిగుతుంది? దీనికి వేరే అడాప్టర్ కొనాల్సిందే. విశేషమేమిటంటే 1975లో పెంటాక్స్ మర వదిలి కె మౌంట్‌కు మారినప్పుడు 45.46 దూరాన్ని మార్చలేదు, పాత మరల లెన్సులు కొత్త బాడీ మీద పనికిరావాలని. కాబట్టి ఈ అడాప్టర్ పొడవూ 27.46 మి.మీ.యే, ముందు మూతి మాత్రమే వేరు. దుకాణాల్లో దీన్ని "పీకే–నెక్స్" అంటారు. సోనీ "ఈ" మౌంట్ మొదట నెక్స్ కెమెరాలతో వచ్చింది, ఆ పేరే పెట్టెల మీద మిగిలిపోయింది. రెండు రకాలుంటాయి. అపర్చర్ (వెలుతురు వచ్చే రంధ్రం) తిప్పే అదనపు రింగు ఉన్నది, లెన్సు మీద అపర్చర్ రింగు లేని కొత్త పెంటాక్స్ లెన్సుల కోసం. మీ రెంటికీ రింగు ఉండాలి కాబట్టి సాదా రకం తీసుకోండి. కదిలే భాగాలు తగ్గేకొద్దీ అడాప్టర్‌తో గొడవ తగ్గుతుంది. మీ 50 మి.మీ. రింగు మీద 22 తర్వాత "ఏ" అనే అక్షరం ఉంటే దాని మీద పెట్టకండి. సాదా అడాప్టర్ మీద ఆ స్థానంలో రెక్కలు అతి చిన్న రంధ్రం దాకా మూసుకుపోతాయి.

అడాప్టర్ చేతికి రాగానే కిటికీ వైపు పెట్టి లోపలికి చూడండి. లోపలి గోడ నిగనిగలాడుతుంటే ఎదురు వెలుతురులో ఫొటో మధ్యలో పాలిపోయిన మచ్చ వస్తుంది. దానికి లెన్సును తిడతారు, పాపం. మెరుపులేని నల్ల కాగితమో, వెల్వెట్ లాంటి స్టిక్కరో గోడకు అంటిస్తే సరిపోతుంది, నూలు పోగులు రాలనిది చూసుకోండి. బిగించాక లెన్సు తిప్పితే అడాప్టర్ కెమెరా మీద కొద్దిగా ఊగుతుందా చూడండి. వెంట్రుకవాసి ఊగితే పర్వాలేదు, టకటకలాడితే వద్దు.

ఇంకెక్కడైనా పాత ఎం42 లెన్సు కంటపడి కొందామనుకుంటే ఒక జాగ్రత్త. టీ2 అనే మౌంట్ కూడా 42 మి.మీ.యే, కానీ చుట్టుకు 0.75 మి.మీ. మర. ఒకటిన్నర చుట్లు హాయిగా ఎక్కి తర్వాత పట్టేస్తుంది. అక్కడ బలం వాడితే రెండూ పాడవుతాయి.

కెమెరాలో మార్చాల్సినవి కొన్నే. లెన్సుకు విద్యుత్ కాంటాక్టులు లేవు కాబట్టి కెమెరా తన ముందు లెన్సే లేదనుకుంటుంది. మెనూలో "రిలీజ్ వితౌట్ లెన్స్" అన్నదాన్ని ఎనేబుల్ చేయనిదే షటర్ పడదు. మీకు ఫొటోలు వస్తున్నాయంటే అది ఇప్పటికే జరిగిపోయి ఉండాలి. ఫోకస్ మాగ్నిఫయర్‌ను సీ1 బటన్‌కు కేటాయించుకోండి. మామూలు సోనీ లెన్సుల్లో లాగా రింగు తిప్పగానే దానంతటదే పెద్దదవదు, మీరే నొక్కాలి. ఒకసారి సుమారు ఆరు రెట్లు, ఇంకోసారి పన్నెండు రెట్లు చూపిస్తుంది. పీకింగ్‌ను, అంటే ఫోకస్‌లో ఉన్న అంచులకు తెర మీద రంగు వేసి చూపే ఏర్పాటును, ఎరుపు రంగులో, తక్కువ స్థాయిలో పెట్టుకోండి. ఎక్కువ స్థాయిలో పెడితే సగం ఫ్రేము ఎర్రబడి అన్నీ ఫోకస్‌లో ఉన్నట్టే ఉంటుంది. నిజానికి పీకింగ్ చూపేది గీతల కాంట్రాస్టునే, ఫోకస్‌ను కాదు. ముఖాలకు దాన్ని నమ్మకండి, పెద్దది చేసి కనురెప్ప వెంట్రుకలు చూడండి. ఇవన్నిటికన్నా ముందు వ్యూఫైండర్ పక్కనున్న చిన్న చక్రాన్ని తిప్పి, తెర మీది అంకెలు మీ కంటికి స్పష్టంగా కనిపించేలా సరిచేసుకోండి. ఇది మరిచిపోయి లెన్సు మసకగా ఉందని అమ్మేసుకునే వాళ్లున్నారు.

ఎక్స్‌పోజరుకు "ఏ" (అపర్చర్ ప్రయారిటీ) మోడ్ పనిచేస్తుంది, కానీ ఏ6400 బాడీలో వణుకు ఆపే ఏర్పాటు లేదు. పైగా లెన్సు ఎంత పొడవుదో కెమెరాకు తెలియదు కాబట్టి ఆటో ఐఎస్ఓలో షటర్‌ను చేతి వణుకు పట్టేంత నెమ్మదిగా దించేస్తుంది. "ఎం" (మాన్యువల్) మోడ్, షటర్ 1/125, ఐఎస్ఓ ఆటో పెట్టుకోవడం మేలు. 135కి 1/250. కదిలే మనుషులకు ఏ లెన్సుతోనైనా 1/250 కన్నా కింద వద్దు. ఫొటో వివరాల్లో లెన్సు పేరు, అపర్చర్ నమోదు కావు. అవసరమనుకుంటే మీరే ఎక్కడైనా రాసుకోవాలి.

హీలియోస్ 44-2కి రెండు అపర్చర్ రింగులు ఉండడం చాలామందిని తికమక పెడుతుంది. ముందుది టిక్‌టిక్‌మంటూ తిరుగుతుంది, అది హద్దు. దాని వెనకది చప్పుడు లేకుండా జారుతుంది, అది తలుపు. ముందు రింగును 4 మీద పెట్టారనుకోండి, వెనక రింగు పూర్తి తెరుపు నుంచి 4 దాకా మాత్రమే తిరుగుతుంది, అంతకు మించి మూయదు. ఎఫ్/2 దగ్గర తెరిచి ఫోకస్ చేయండి, వెనక రింగును ఆగేదాకా తిప్పి మూయండి, క్లిక్ చేయండి. కంటి ముందు నుంచి కెమెరా దించక్కర్లేదు. పెంటాక్స్‌లో ఆ సౌకర్యం లేదు. ఎఫ్/2 నుంచి ఎఫ్/4కి ఎన్ని క్లిక్కులో వేళ్లతో లెక్కపెట్టుకుంటే సరి.

మీ కెమెరాది ఏపీఎస్-సి, అంటే ఫిల్ము ఫ్రేము (ఫుల్‌ఫ్రేమ్) కన్నా చిన్న సెన్సర్ కాబట్టి ఫ్రేములో పట్టే దృశ్యం ఒకటిన్నర రెట్లు ఇరుకు. 58 మి.మీ. ఫుల్‌ఫ్రేమ్ మీద 87లా, 50 అయితే 75లా, 135 అయితే 200లా కనిపిస్తుంది. హీలియోస్ పేరు చెప్పగానే అందరూ మాట్లాడే ఆ సుడి తిరిగే బ్యాక్‌గ్రౌండ్, ఫ్రేము అంచుల్లోనే ఎక్కువ. మీ సెన్సర్ ఆ అంచుల్ని కోసేస్తుంది. కొద్దిగా కనిపిస్తుంది, ఇంటర్నెట్‌లో చూసినంత రాదు. 0.71 రెట్లు కుదించే గాజు అడాప్టర్ పెడితే చాలావరకు తిరిగొస్తుంది, ఒక స్టాప్ (రెట్టింపు) వెలుతురూ కలిసొస్తుంది. కానీ చవక రకాల్లో మూలలు మసకబారతాయి, ఎదురు వెలుతురులో నీలం మచ్చ పడుతుంది. మొదటి ఆరు నెలలు దాని జోలికి పోకండి.

ఏం తీయాలంటారా? మైలాపూర్ మాడ వీధుల్లో పొద్దున్నే వేసిన ముగ్గులు, పూల కొట్టు దగ్గర కూర్చున్న ముసలమ్మ, కాశిమేడు రేవులో వలలు కుట్టే చేతులు. ఆగి ఉన్నవి, లేదా నెమ్మదిగా కదిలేవి. పరుగెత్తే పిల్లలకు మీ ఆటోఫోకస్ లెన్సే వాడండి. 58 మి.మీ., ఎఫ్/2, రెండు మీటర్ల దూరం, ఈ లెక్కన స్పష్టంగా వచ్చే లోతు మొత్తం సుమారు 9 సెంటీమీటర్లు. ఒక మీటరుకు వస్తే రెండు సెంటీమీటర్ల చిల్లర. మీరు ఊపిరి తీసుకుంటే కదిలే దూరం అది. అందుకే ముఖం తీసేటప్పుడు రింగుతో దగ్గరదాకా తెచ్చి, చివరి సర్దుబాటు ఒళ్లు ముందుకు వెనక్కి వంచి చేసి, వరసగా నాలుగైదు ఫ్రేములు తీయండి. ఎఫ్/2లో బొమ్మ కొంచెం మెత్తగా, పాలు కలిపినట్టు ఉంటుంది. ఎఫ్/4, 5.6 దగ్గర గట్టిపడుతుంది. ఎఫ్/11 దాటి మూస్తే మళ్లీ మెత్తబడుతుంది. పాత పూతల వల్ల ఎదురు ఎండను తట్టుకోలేవు. హీలియోస్‌కూ మీ పెంటాక్స్‌లకూ ఫిల్టర్ మర 49 మి.మీ.యే కాబట్టి ఒక రబ్బరు హుడ్ కొంటే అన్నిటికీ పనికొస్తుంది.

చివరికి ఆ దారాలు. ముందు తోలు సంచిలోంచి అన్నీ బయటికి తీయండి, ఇవాళే. తోలు తడి పీల్చి పట్టి ఉంచుతుంది, బూజుకు అంతకన్నా మంచి ఇల్లు లేదు. తర్వాత 135 అపర్చర్ పూర్తిగా తెరిచి, వెనక నుంచి ఫోను టార్చ్ ఏటవాలుగా వేసి, ముందు నుంచి చూడండి. చెట్టు కొమ్మల్లా, సాలెగూడులా పాకితే అది ఫంగస్. విడివిడి చుక్కలయితే దుమ్ము, ఏ లెన్సులోనైనా ఉండేదే, పట్టించుకోకండి. గాజు మొత్తం పొగ పట్టినట్టుంటే నూనె ఆవిరి పొర. అంచున ఇంద్రధనుస్సు రంగుల్లో మెరుస్తుంటే రెండు గాజుల్ని కలిపిన జిగురు వదులుతోంది, అది బాగుచేయించడం దాదాపు దండగ.

ఎండలో పెడితే ఫంగస్ పోతుందని చెప్పేవాళ్లుంటారు. దాని పెరుగుదల ఆగవచ్చేమో గానీ దారాలు పోవు. పైగా ఎండలో వదిలిన లెన్సు భూతద్దమే, కింద బట్టనో చెక్కనో కాలుస్తుంది. తడి ఉన్నచోటే ఫంగస్ బతుకుతుంది. గాలిలో తేమ 65–70 శాతం దాటి చాలా రోజులు ఉంటే చాలు, మొలుస్తుంది. చెన్నైలో అక్టోబరు నుంచి డిసెంబరు వానల్లో బీరువా లోపల అంతకన్నా ఎక్కువే ఉంటుంది. ఖరీదైన డ్రై క్యాబినెట్ మీకు అక్కర్లేదు. మూతకు రబ్బరు వాషరున్న పది లీటర్ల డబ్బా, పావు కిలో సిలికా జెల్, లోపల చిన్న డిజిటల్ తేమ మీటరు చాలు. 40–50 శాతం మధ్య ఉంచండి. 30 కన్నా కిందికి దింపితే ఫోకస్ గ్రీజు ఎండిపోతుందన్న భయం ఉంది. నీలం జెల్లో కోబాల్ట్ ఉంటుంది, ఇంట్లో పిల్లలుంటే నారింజ రంగుది కొనండి. రంగు మారాక 120 డిగ్రీల ఓవెన్లో గంటన్నర, రెండు గంటలు వేడిచేస్తే మళ్లీ పనికొస్తుంది, వంట ఓవెన్లో మాత్రం వద్దు. జెల్ బదులు బియ్యం పోస్తే తేమ పెద్దగా తగ్గదు, పిండి మాత్రం రింగుల్లోకి చేరుతుంది. 135 సంగతి తేలేదాకా దాన్ని వేరే డబ్బాలో ఉంచండి. మే నెలలో ఏసీ గదిలోంచి నేరుగా వీధిలోకి లెన్సు తీసుకెళ్లకండి. సంచి జిప్పు తీయకుండా పావుగంట, ఇరవై నిమిషాలు బయట ఉంచితే గాజు మీద నీరు పట్టదు.

135ను మీరు విప్పకండి. రింగులు విప్పే స్పానర్ ఒక్కసారి జారితే గాజు మీద జీవితాంతం గీత. ఫంగస్ అంచున నాలుగు పోగులే అయితే ఫొటోలో తెలియదు, అలాగే వాడేయండి. మధ్యలో పాకి ఉంటే, లెన్సులు విప్పే మెకానిక్‌కు చూపించి రెండే అడగండి: ఏ గాజు మీద ఉంది, తుడిచాక పూత మీద మచ్చ మిగులుతుందా? ఫంగస్ ఎక్కువ కాలం ఉంటే పూతను తినేస్తుంది, తుడిచినా ఆ గుర్తు పోదు. 135 ఎఫ్/3.5 అరుదైన లెన్సేం కాదు. బాగుచేసే ఖర్చు అలాంటిదే శుభ్రంగా ఉన్న సెకండ్‌హ్యాండ్ లెన్సు ధరకు దగ్గరైతే ఇంకోటి కొనుక్కోండి. మేనమామగారి లెన్సన్న మమకారం ఉంటే ఆ లెక్క మీ ఇష్టం.